క్లిప్పులు వేశాక ముందు పళ్ళు ఇంకా ముందుకొచ్చాయా? వాటిని వెనక్కి తెచ్చే పని ఏ వరసలో జరగాలంటే

"క్లిప్పులు పెట్టించి నాలుగు నెలలైంది, పళ్ళు వరసలోకైతే వచ్చాయి గానీ ముందుకు తన్నుకొచ్చేశాయి, ఇప్పుడేం చెయ్యాలి?" క్లిప్పులు వేసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ వినబడేదే, అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట వరసగా రాసేస్తే మేలనిపించింది. మొదట్నుంచీ ఎత్తుపళ్ళు ఉన్నవాళ్ళకీ, ట్రీట్‌మెంట్ మధ్యలో పళ్ళు ముందుకొచ్చినవాళ్ళకీ కూడా ఇదే వరస.

ఇది చదివి మీ వైరు మీరే తిప్పుకోమని కాదండోయ్. డాక్టర్ ఏ దశలో ఏం చేస్తున్నారో మీకు తెలిస్తే సరైన టైములో సరైన ప్రశ్న అడగగలరు, ఇంట్లో మీ వంతు పని ఏంటో కూడా తెలుస్తుంది.

1. ముందు ఇది తేల్చుకోండి: మామూలు దశా, నిజంగా తేడా కొట్టిందా

వంకర టింకరగా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్న పళ్ళకి మొదట సన్నటి నైటై వైరు (నికెల్, టైటానియం కలిపిన సాగే గుణమున్న తీగ) వేస్తారు, 014 అనో 016 అనో చార్టు మీద రాస్తారు, అంటే అంగుళంలో వెయ్యింట 14, 16 వంతుల మందం అన్నమాట. ఆ వైరు పళ్ళని నిటారుగా చేసుకుంటూ పోతుంది. కానీ షేర్ ఆటోలో ముగ్గురి సీట్లో నలుగురు ఇరుక్కుని కూర్చుంటే ఒకరు అంచుకి జరిగి ముందుకి కూర్చోవాల్సిందేగా, పళ్ళూ అంతే, చోటు లేకుండా వరసలోకి రావాలంటే ముందుకే వస్తాయి.

కాబట్టి మొదటి నాలుగైదు నెలల్లో కాస్త ముందుకి రావడం చాలా కేసుల్లో ముందే తెలిసిన విషయం. మొన్న ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చి "డాక్టర్ గారూ, క్లిప్పులు వేయించకముందే నయమండీ, ఇప్పుడు నవ్వితే పళ్ళే కనబడుతున్నాయి" అన్నారు. ఆ అమ్మాయికి పళ్ళు తీయించే ప్లాన్ ఉంది, పరీక్షలున్నాయని వాళ్ళే వాయిదా వేసుకున్నారు. "చోటు చెయ్యకుండా వెనక్కి ఎలా వస్తాయమ్మా, పళ్ళు తీశాకే అసలు పని మొదలు" అని చెప్పాల్సొచ్చింది.

మరి ఎప్పుడు కంగారు పడాలి?

- చోటు ఎక్కడ్నుంచి తెస్తారో డాక్టర్ దగ్గర క్లియర్ ప్లాన్ లేనప్పుడు
- మందపాటి స్టీలు వైరు దాకా వచ్చేసి, పళ్ళ మధ్య సందులేవీ మిగలకుండానే ముందు పళ్ళు ఎత్తుగా ఉండిపోయినప్పుడు
- ముందు మూసుకునే పెదాలు ఇప్పుడు బలవంతంగా మూస్తే గానీ మూసుకోనప్పుడు, మూస్తే గడ్డం మీద చర్మం ముడతలు పడుతున్నప్పుడు
- కింది ముందు పళ్ళ దగ్గర చిగురు కిందికి దిగి పన్ను పొడుగ్గా కనబడుతున్నప్పుడు
- ముందు పళ్ళు వేలితో ముట్టుకుంటే బాగా కదులుతున్నప్పుడు (కొద్దిపాటి కదలిక క్లిప్పులున్న అందరికీ ఉంటుంది)

చివరి రెండిట్లో ఏదున్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఫోన్ చేసి వెళ్ళిపోండి.

2. ఇంట్లోనే కొలుచుకోండి

అద్దంలో చూసుకుని "ముందుకొచ్చాయి" అనుకోవడం వేరు, కొలత వేరు. పెదాల కింద బ్రాకెట్లు (పన్ను మీద అతికించే చిన్న బిళ్ళలు, వైరు కూర్చునేది వీటిలోనే) ఉంటాయి కాబట్టి పెదవి కొంచెం ఉబ్బెత్తుగా కనబడుతుంది, అది పన్ను ముందుకి రావడం కాదు.

దవడపళ్ళు మీద మామూలుగా కొరికి పట్టండి. సన్నటి స్టీలు స్కేలు ఒకటి కింది పన్ను ముందు భాగానికి ఆనించి, పై పన్ను అంచుదాకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో ఇంట్లో ఇంకొకళ్ళని చూడమనండి. 2 నుంచి 3 మి.మీ. మామూలు. 5, 6 దాటితే ఎక్కువే. స్కేలు చివర్న సున్నాకి ముందు కొంచెం ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీ తీసేసి లెక్కపెట్టుకోండి.

పై పళ్ళూ కింది పళ్ళూ రెండూ ఎత్తుగా ఉంటే ఈ కొలత మామూలుగానే వస్తుంది, మోసపోవద్దు. మన దక్షిణాది వాళ్ళలో ఈ రకం బాగానే ఎక్కువ. అలాంటివాళ్ళు పక్కనుంచి తీసిన ఫొటో మీద ఆధారపడాలి. నెలకోసారి అదే గోడ, అదే దూరం, తల నిటారుగా, పెదాలు వదులుగా పెట్టి ఒకటి, నవ్వుతూ ఒకటి. సెల్ఫీ వద్దు, ఫోన్ దగ్గరగా ఉంటే ముక్కూ పళ్ళూ అన్నీ పెద్దగా వస్తాయి.

3. ఎందుకొచ్చాయో తెలియకుండా మందు లేదు

చోటు చాలకపోవడం పెద్ద కారణం, దాన్ని ఐదో పాయింటులో వివరంగా చెప్తాను. మిగతావి ఇవి.

కింది పళ్ళ వరస పక్కనుంచి చూస్తే పడవలా వంపు ఉంటుంది కొందరికి. ఆ వంపుని చదును చెయ్యడానికి వాడే వైరు కింది ముందు పళ్ళని ముందుకి తోస్తుంది. వంపు ఎంత లోతుగా ఉంటే అంత చోటు కావాలి, దీన్ని లెక్కలో కలపడం మర్చిపోతే కింది పళ్ళు బయటికి వాలిపోతాయి.

పై కోరపన్ను నుంచి కింది దవడపంటికి తగిలించే రబ్బర్లు పై పళ్ళని వెనక్కి లాగుతాయి, అదే సమయంలో కింది పళ్ళని ముందుకి లాగుతాయి. నెలల తరబడి వాడితే కింది ముందు పళ్ళు వాలడం మామూలే.

వైరు చివర వంచకపోవడం ఇంకొకటి. ఆఖరి దవడపంటి ట్యూబులోంచి బయటికొచ్చిన వైరు కొసని కిందికి వంచేస్తే వైరు ముందుకి జారదు, పళ్ళు కూడా దాన్ని దాటి పోలేవు. వంచకుండా సూటిగా వదిలేస్తే పళ్ళూ వైరూ కలిసి ముందుకి నడుస్తాయి. నిజానికి వంచిన వైరు ఇంటికెళ్ళాక బుగ్గకి గుచ్చుకుందని పేషెంట్లే కట్ చేయించుకునే సందర్భాలూ ఉన్నాయి. గుచ్చుకుంటే మైనం పెట్టుకోండి, లేదా లోపలికి ఇంకా నొక్కమనండి, కట్ చేసెయ్యమని మాత్రం అడక్కండి.

ఇవి కాక నాలుక. మింగేటప్పుడు నాలుక పళ్ళమధ్యకి తోసేవాళ్ళు, రాత్రంతా నోరు తెరిచి పడుకునేవాళ్ళు, పెద్దయ్యాక కూడా బొటనవేలు అలవాటు పోనివాళ్ళు.

నలభై దాటాక కొత్తగా పళ్ళు ముందుకొచ్చి సందులు పడుతున్నాయంటే క్లిప్పుల మాట తర్వాత, ముందు చిగుళ్ళు చూపించుకోండి. చిగుళ్ళ జబ్బుతో ఎముక కరిగితే పళ్ళు అలాగే విసనకర్రలా విచ్చుకుంటాయి, షుగరు అదుపులో లేకపోతే ఇంకా త్వరగా. చిగుళ్ళు నయం కాకుండా వైరు వేస్తే ఉన్న ఎముక కూడా పోతుంది.

4. ఎక్స్‌రేలు, కొలతలు: ఇవి లేకుండా వెనక్కి లాగడం మొదలుపెట్టొద్దు

రెండు ఎక్స్‌రేలు తప్పనిసరి. ఒకటి ఓపీజీ, నోరంతా ఒకే ఫిల్ములో కనబడేది, వేర్ల పొడవు, ఎముక, జ్ఞానదంతాలు అందులో తెలుస్తాయి. రెండోది లేటరల్ సెఫలోగ్రామ్, తలని పక్కనుంచి తీసేది. పన్ను ఎంత వాలిందో చెప్పేది ఈ రెండోదే.

కింది ముందు పన్ను కింది దవడ అంచుతో చేసే కోణం పుస్తకాల లెక్కలో సుమారు 90 డిగ్రీలు. పై ముందు పన్ను పుర్రె అడుగు గీతతో చేసేది 102, 104 ఆ చుట్టుపక్కల. కానీ ఇవి ఎక్కువగా తెల్లవాళ్ళ ముఖాల మీద వేసిన లెక్కలు, మనవాళ్ళ పళ్ళూ పెదాలూ సహజంగానే ఇంకొంచెం ముందుకి ఉంటాయి. అందుకని 90కి తెచ్చి తీరాలని పట్టుబట్టే పని లేదు, మీ ముక్కుకీ గడ్డానికీ ఏది నప్పుతుందో డాక్టర్ ముఖం చూసి తేల్చాలి.

ఇదే ఎక్స్‌రేలో ఇంకోటి బయటపడుతుంది. కొందరికి పళ్ళు సరిగ్గానే ఉంటాయి, కింది దవడే చిన్నది, అందుకని పై పళ్ళు ఎత్తుగా కనబడతాయి. ఎదిగే వయసు పిల్లలైతే కింది దవడని ముందుకి పెట్టి ఉంచే అప్లయన్స్ వాడొచ్చు. పెద్దవాళ్ళకైతే పై పళ్ళని వెనక్కి తెచ్చి సర్దుకోవడమా, దవడ సర్జరీయా అనేది ముందే మాట్లాడుకోవాలి. దవడ తేడా మరీ ఎక్కువగా ఉంటే పై పళ్ళని లాగీ లాగీ ముఖం చప్పగా చేసుకోవడం నాకైతే నచ్చదు.

5. చోటు లెక్క

మొత్తం ట్రీట్‌మెంట్‌కి ఇదే గుండెకాయ. పన్ను ఎంత వెనక్కి వెళ్ళాలంటే అంత ఖాళీ కావాలి, అదీ రెండు వైపులా. ముందు పళ్ళు 1 మి.మీ. వెనక్కి రావాలంటే వరస మొత్తంలో 2 మి.మీ. కావాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పై వరసలో ఇరుకు 4 మి.మీ. ఉంది, ముందు పళ్ళు 4 మి.మీ. వెనక్కి రావాలి. అంటే ఇరుకుకి 4, వెనక్కి రావడానికి 8, మొత్తం 12. కోరపన్ను వెనకున్న చిన్న దవడపన్ను ఒక్కోటి సుమారు 7 మి.మీ. వెడల్పు. రెండు వైపులా చెరొకటి తీస్తే 14. అంటే చేతిలో మిగిలింది 2, వెనక దవడపళ్ళు ఒక్కో వైపు 1 మి.మీ. కంటే ముందుకి జారడానికి వీల్లేదు. జారితే ముందు పళ్ళకి ఇవ్వాల్సిన చోటు అవి తినేసినట్టే. ఏ జాగ్రత్తా లేకుండా వదిలేస్తే దవడపళ్ళు మూడో వంతు పైనే తినేస్తాయి. అక్కడే చాలా కేసులు చెడతాయి, పళ్ళు తీయించుకున్నా ఎత్తు తగ్గలేదని బాధపడేవాళ్ళది ఎక్కువగా ఈ కథే.

చోటు తెచ్చే దారులు:

- పళ్ళ మధ్య అరగదీయడం. ఒక్కో సందు దగ్గర అర మిల్లీమీటరు దాకా. కోరపన్ను నుంచి కోరపన్ను వరకు ఐదు సందులు, అంటే రెండున్నర మి.మీ. దాకా వస్తుంది. కొద్దిపాటి ఎత్తుకి సరిపోతుంది. పన్ను జివ్వుమంటుందేమో అని భయపడతారు గానీ, పైపొర హద్దు దాటకుండా తీసి పాలిష్ చేసి ఫ్లోరైడ్ రాస్తే ఇబ్బంది ఉండదు.
- చిన్న దవడపళ్ళు తీయడం. ఎత్తు ఎక్కువైనా, పై కింద రెండూ ఎత్తుగా ఉన్నా ఎక్కువగా ఇదే దారి, రెండు లేదా నాలుగు.
- మినీ స్క్రూలతో (వీటి సంగతి ఆరో పాయింటులో) మొత్తం వరసని వెనక్కి తోయడం. వెనక ఎముక ఉండాలి, జ్ఞానదంతాలు అడ్డుంటే తీయించాలి, టైము పడుతుంది.
- వరసని పక్కలకి వెడల్పు చేయడం. పిల్లల్లో, అంగిలి ఇరుగ్గా ఉన్నవాళ్ళలో బాగుంటుంది. పెద్దవాళ్ళకి ఉత్త వైరుతో వెడల్పు చేసి "పీకకుండానే అయిపోతుంది" అంటే ఒకటికి రెండుసార్లు అడగండి.
- ముందునుంచే సందులుంటే అదృష్టవంతులు, మూసుకుంటే చాలు.

పై పన్ను పీకితే చూపు పోతుందనే భయం మన ఇళ్ళలో ఇంకా ఉంది, ముఖ్యంగా పెద్దవాళ్ళు అడ్డుపడతారు. కంటి నరం దారి వేరు, పంటి నరం దారి వేరు, పన్ను తీస్తే చూపుకేమీ కాదు. మీ నాన్నమ్మ గారిని కూడా ఓసారి క్లినిక్‌కి తీసుకెళ్ళండి, డాక్టర్ నోటితో వింటే ఒప్పుకుంటారు.

6. వెనక పట్టు

ముందు పళ్ళని వెనక్కి లాగేటప్పుడు ఆ లాగుడు దేన్ని పట్టుకుని జరుగుతుందో అది కూడా ముందుకి వస్తుంది. అందుకే వెనక గట్టి పట్టు కావాలి.

అంగిలి మీదుగా రెండు దవడపళ్ళనీ కలిపే కమ్మీ పాత పద్ధతి, ఓ మోస్తరు పని చేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా మినీ స్క్రూలే. ఒకటిన్నర మి.మీ. లావు, 8 మి.మీ. పొడవుండే టైటానియం స్క్రూని రెండో చిన్న దవడపన్నుకీ మొదటి పెద్ద దవడపన్నుకీ మధ్య ఎముకలో బిగిస్తారు. పేరు విని హడలిపోతారు గానీ చిగురుకి మత్తు ఇచ్చి బిగించేస్తారు, పన్ను పీకినంత కూడా ఉండదు. కొన్ని వదులవుతాయి, పక్కన ఇంకోచోట వేస్తారు, పెద్ద గొడవేమీ కాదు. చుట్టూ మెత్తటి బ్రష్‌తో శుభ్రంగా ఉంచుకోవడం మాత్రం మీ పనే, చిగురు వాచిందంటే స్క్రూ ఊడినట్టే.

7. వెనక్కి లాగే దశ, ఒకదాని తర్వాత ఒకటి

మొదటి మెట్టు, వరస సరిచేయడం. ఈ దశలోనే కోరపన్నుని దవడపన్నుకి సన్నటి తీగతో ఎనిమిది అంకెలా చుట్టి కడితే ముందు పళ్ళు అనవసరంగా ముందుకి వాలవు. వైరు కొస వంచడం కూడా ఇక్కడే.

రెండోది, లోతైన కొరుకుడు (కొరికితే పై పళ్ళు కింది పళ్ళని ఎక్కువగా కప్పేయడం) తగ్గించడం. దీన్ని చాలామంది పట్టించుకోరు. పై పళ్ళ వెనక భాగానికి కింది పళ్ళు తగులుతుంటే మీరు ఎంత లాగినా పై పళ్ళు వెనక్కి రావు, అడ్డు ఉంది కదా. దవడపళ్ళ మీదో ముందు పళ్ళ వెనకో రంగు సిమెంటు చుక్క పెట్టి నోరు కొంచెం ఎత్తు చేస్తారు, మొదటి వారం అన్నం నమలడానికి చిరాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

మూడోది, గట్టి స్టీలు వైరు. ఎక్కువ క్లినిక్కుల్లో 19 బై 25 (ఇదీ అంగుళంలో వెయ్యింట లెక్కే) నాలుగు పలకల స్టీలు వైరు. వేశాక ఒక నెల ఊరికే వదిలెయ్యాలి, అప్పుడు బ్రాకెట్లన్నీ ఒక గీతలోకొచ్చి వైరు లోపల సాఫీగా జారుతుంది. ఈ నెల "డాక్టర్ ఏమీ చెయ్యకుండా పంపించేశాడు" అనుకుంటారు, కాదు. సన్న నైటై వైరు మీదే రబ్బరు చైను (చిన్న చిన్న రింగులు గొలుసులా ఉండేది) వేసి లాగితే పళ్ళు వెనక్కి రావు, వైరు వంగి పళ్ళు లోపలికి పడిపోతాయి.

నాలుగోది, లాగడం. రబ్బరు చైనుతో గానీ నైటై స్ప్రింగుతో గానీ. ఒక్కో వైపు 150 నుంచి 200 గ్రాముల బలం చాలు. చైను మొదటిరోజే దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది, అందుకే నాలుగు వారాలకోసారి మార్చాలి, రెండు నెలలు వెళ్ళకపోతే ఆ రెండో నెల దండగ. స్ప్రింగు నిలకడగా లాగుతుంది, ఖరీదు కొంచెం ఎక్కువ.

నెలకి సుమారు 1 మి.మీ. సందు మూసుకుంటే బాగా జరుగుతున్నట్టే. 7 మి.మీ. సందుకి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. "గట్టిగా బిగించండి డాక్టర్, త్వరగా అయిపోతుంది" అని అడిగేవాళ్ళున్నారు, బలం పెంచితే వేర్లు అరిగే ప్రమాదం, వెనక పళ్ళు జారే ప్రమాదం రెండూ పెరుగుతాయి, స్పీడు మాత్రం పెరగదు.

ఐదోది, వేరుని కూడా వెనక్కి తేవడం. పన్ను అంచు మాత్రమే లోపలికి వాలి, వేరు ముందే ఉండిపోతే పళ్ళు లోపలికి ముడుచుకున్నట్టు, నవ్వితే చిగురు ఎక్కువగా కనబడుతున్నట్టు అవుతుంది. నాలుగు పలకల వైరులో మెలిక ఇచ్చి వేరుని కదిలిస్తారు, దీన్నే టార్క్ అంటారు. ఇది నెమ్మదిగా జరిగే పని, సందులు మూసుకున్నాయి కదా తీసేయండి అని ఇక్కడ తొందరపెట్టొద్దు.

ట్రీట్‌మెంట్ మొదలై ఆరు నుంచి తొమ్మిది నెలలైతే ముందు పళ్ళ వేర్ల ఎక్స్‌రే ఒకటి తీయించమనండి. వేరు కురచ అవుతుంటే కొన్ని నెలలు ఆపి మళ్ళీ మొదలుపెడతారు.

8. కింది పళ్ళు వాలిపోతే

కింది ముందు పళ్ళ దగ్గర ఎముక చాలా పల్చగా ఉంటుంది, పై పళ్ళంత ఓపిక వాటికి లేదు. చిగురు పల్చగా ఉన్నవాళ్ళకి ముందుకి వాలిన కొద్దీ చిగురు జారుతుంది.

సరిచేసే వరస ఇది. ముందు, వాటిని తోస్తున్నదాన్ని ఆపాలి, అంటే పై నుంచి కిందికి వేసే రబ్బర్లు గానీ వంపు వైరు గానీ. తర్వాత కింద కూడా చోటు చెయ్యాలి, ఎక్కువసార్లు అరగదీత సరిపోతుంది. ఆ తర్వాత చైను వేసి దగ్గరకి లాగుతారు, ఒక్కోసారి రబ్బర్ల దిశ తిప్పి కింది కోరపన్ను నుంచి పై దవడపంటికి వేస్తారు, అప్పుడు పై పళ్ళు ముందుకి రాకుండా చూసుకోవాలి. చిగురు అప్పటికే బాగా జారిపోయుంటే చిగుళ్ళ డాక్టర్‌కి చూపించి ఏది ముందో ఇద్దర్నీ కలిసి తేల్చమనండి.

9. నాలుక సంగతి

నాలుకతో తోసే అలవాటు మానకపోతే ఎన్ని పళ్ళు తీసినా, ఎన్ని స్క్రూలు వేసినా మళ్ళీ ముందుకే. నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకుని, పెదాలు వేళ్ళతో కొద్దిగా విడదీసి అద్దంలో చూస్తూ మింగండి. నాలుక పళ్ళమధ్యనుంచి బయటికి కనబడితే అలవాటు ఉన్నట్టే.

- "ల" అన్నప్పుడు నాలుక కొన ఎక్కడ తగులుతుందో అక్కడ పెట్టండి, పళ్ళకి తగలకూడదు
- దవడపళ్ళు కలిపి పట్టండి, పెదాలు బిగించకుండా మూయండి
- నాలుకని అంగిలికి ఒత్తుతూ మింగండి
- అన్నం తినేముందు పదిసార్లు, పడుకునేముందు పదిసార్లు

చిన్నపిల్లలకి అవసరమైతే పై ముందు పళ్ళ వెనక కమ్మీల చట్రం ఒకటి పెడతారు. ముక్కు మూసుకుపోయి నోటితోనే గాలి పీల్చే పిల్లలకి ఈ వ్యాయామాలు ఎన్ని చేయించినా లాభం తక్కువ, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ దగ్గర అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) చూపించండి.

10. ఇంట్లో మీ వంతు

రబ్బర్లు రోజుకి 20 నుంచి 22 గంటలు వేసుకోవాలి, తినేటప్పుడూ బ్రష్ చేసేటప్పుడూ మాత్రమే తీయాలి. రాత్రి మాత్రం వేసుకుంటానంటే పని జరగదు. రోజూ కొత్తవి మార్చండి. ఒకరోజు మర్చిపోయామని మర్నాడు రెండేసి వేసుకోవద్దు. ప్యాకెట్ మీద 3/16 అనో 1/4 అనో సైజూ, 3.5 అనో 4.5 అనో ఔన్సుల బలం ఉంటుంది, రెండూ ఫొటో తీసి పెట్టుకోండి, అయిపోయినప్పుడు వేరే సైజు కొనేసేవాళ్ళు ఎక్కువ.

తిండి విషయం. జంతికలు, చెగోడీలు, పల్లీపట్టి, చెరకుగడ, మొక్కజొన్న పొత్తు, మామిడి టెంక చీకడం, మటన్ బొక్క కొరకడం ఆపాల్సిందే. జామకాయ, యాపిల్ ముక్కలు కోసుకుని వెనక పళ్ళతో తినండి. బ్రాకెట్ ఒకటి ఊడితే ఆ నెల లెక్క తప్పినట్టే, ముందుకొచ్చిన పన్ను మీదదే ఊడితే అది ఒక్కటీ వెనకబడిపోతుంది. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు మచ్చలు పడినవాళ్ళకి బ్రాకెట్లు సరిగా అతుక్కోవు, మొదటిరోజే ఆ విషయం డాక్టర్‌తో అనండి, అతికించే పద్ధతి కొంచెం మారుస్తారు.

ఇంకో చిన్న మాట, తెల్ల రబ్బరు చైను అడక్కండి. పసుపు పడ్డ పప్పూ కూరా రెండు పూటలు తింటే పచ్చగా అయిపోతుంది, ఇక నెలంతా అలాగే. గ్రే కలర్ వేయించుకోండి.

నొప్పికి మొదటి రెండు మూడు రోజులు పారాసెటమాల్ సాధారణంగా సరిపోతుంది. ఐబుప్రోఫెన్ రకం రోజుల తరబడి వేసుకుంటే పన్ను కదలిక నెమ్మదిస్తుందని మేం వద్దంటాం.

11. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి రిపేరు

సందు మూసుకుంటోంది గానీ ఎత్తు తగ్గట్లేదు. దవడపళ్ళు ముందుకొస్తున్నాయి. లాగడం ఆపించి, వెనక స్క్రూ వేయించి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎంత ముందు పట్టుకుంటే అంత చోటు దక్కుతుంది, సందు మొత్తం మూసుకున్నాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

రెండు నెలలుగా సందు అస్సలు కదలట్లేదు. వైరు ఎక్కడో పట్టేసి ఉండొచ్చు, బ్రాకెట్ వంకరగా ఉండొచ్చు, పై కింది పళ్ళు అడ్డు తగులుతుండొచ్చు. చైను గట్టిగా వేయించడం దీనికి మందు కాదు.

పళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. బలం తగ్గించి టార్క్ ఇవ్వాలి.

ఒక పక్క సందు మూసుకుంది, రెండో పక్క ఉంది, మధ్య గీత పక్కకి పోయింది. మూసుకున్న వైపు కట్టేసి, రెండో వైపు మాత్రమే లాగాలి.

ఇంట్లో రబ్బరు బ్యాండు చుట్టుకోవడం. ఇది చూసి ఒళ్ళు మండుతుంది నాకు. వీడియోలు చూసి ముందు రెండు పళ్ళకీ కలిపి రబ్బరు వేసుకుంటారు, పన్ను వేరు వైపు సన్నబడుతుంది కాబట్టి ఆ రబ్బరు మెల్లగా చిగురు లోపలికి జారిపోతుంది, కనబడదు, లోపల ఎముకని తినేస్తుంది. బంగారం లాంటి పళ్ళు అలా ఊడిపోతాయి. వేసుకుని కనబడకుండా పోయిందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

12. డాక్టర్ని అడగాల్సినవి

- మీరు ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ (క్లిప్పుల స్పెషలిస్టు చదువు) చేశారా, లేక నెలకోసారి వేరే ఆర్థోడాంటిస్టు వచ్చి చూస్తారా
- నా పళ్ళు ఎన్ని మి.మీ. వెనక్కి రావాలి, ఆ చోటు ఎక్కడ్నుంచి
- దవడపళ్ళు జారకుండా ఏం చేస్తున్నారు
- స్క్రూలు, ఊడిన బ్రాకెట్లు, రిటైనర్లు (క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పట్టి ఉంచేవి) ప్యాకేజీలో ఉన్నాయా, విడిగానా
- మొదటిరోజు ఫొటోలూ ఎక్స్‌రేలూ నాకు కాపీ ఇస్తారా

డబ్బు ఇబ్బంది ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపలో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో అడగండి. అక్కడ పీజీ స్టూడెంట్లు ప్రొఫెసర్ల కళ్ళముందు చేస్తారు, క్యూ ఉంటుంది, టైము ఎక్కువ పడుతుంది, పని మాత్రం లెక్కగా ఉంటుంది.

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళే పిల్లలు సందులు సగం మూసుకున్న స్థితిలో ఫ్లైట్ ఎక్కొద్దు. అక్కడ మధ్యలో కేసు తీసుకునే డాక్టర్ దొరకడం కష్టం, దొరికినా ఖర్చు మోయలేరు. తప్పదంటే బ్రాకెట్ల రకం, స్లాటు (బ్రాకెట్‌లో వైరు కూర్చునే గాడి) సైజు, ఇప్పుడున్న వైరు, తీసిన పళ్ళు అన్నీ రాయించుకుని మొదటి రికార్డులతో సహా తీసుకెళ్ళండి.

13. తీసేముందు, తీశాక

క్లిప్పులు తీయించే ముందు పక్క ఫొటో మళ్ళీ తీసి మొదటిదాని పక్కన పెట్టి చూడండి. పన్ను వెనక్కి వెళ్ళినంతా పెదవి వెళ్ళదు, పన్ను 3 మి.మీ. వెళ్తే పై పెదవి సుమారు 2 వెళ్తుంది, మనిషిని బట్టి మారుతుంది. ఇంకా ఎత్తుగా ఉందనిపిస్తే తీయకముందే చెప్పండి, తీశాక మళ్ళీ అతికించడం అంటే మళ్ళీ డబ్బు, మళ్ళీ టైము.

తీసిన రోజే రిటైనర్ ఇవ్వాలి, "వారం తర్వాత రండి" అంటే ఒప్పుకోకండి, ఆ వారంలోనే పళ్ళు కదులుతాయి. పన్ను చుట్టూ ఉండే చిగురు నారలు కొత్తచోటుకి సర్దుకోవడానికి దాదాపు ఏడాది పడుతుంది. ముందు పళ్ళు బాగా వెనక్కి తెచ్చిన కేసుల్లో లోపలివైపు సన్న తీగ అతికించి, పైన తీసిపెట్టుకునేది కూడా ఇస్తే మంచిది. మొదటి ఆరు నెలలు తినేటప్పుడు తప్ప రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, అదీ ఏళ్ళ తరబడి.

రిటైనర్ వేడినీళ్ళలో కడిగితే వంకరపోతుంది, హోటల్లో టిష్యూలో చుట్టి పెడితే ప్లేటుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది, డబ్బా జేబులో ఉంచుకోండి. కొన్ని రాత్రులు మానేసి మళ్ళీ పెట్టుకుంటే బిగుతుగా ఉండి ఎక్కితే పర్లేదు, వారంరోజులు రోజంతా పెట్టుకోండి. అసలు ఎక్కకపోతే బలవంతంగా నొక్కకుండా అలాగే డబ్బాలో పెట్టుకుని ఆ వారంలోనే చూపించుకోండి, కొంచెమే కదిలి ఉంటే కొత్త రిటైనర్‌తోనో రెండు మూడు అలైనర్లతోనో (పళ్ళని కదిపే పారదర్శక తొడుగులు) సరిపోతుంది.